కారణం ఎక్కడ ఆగుతుంది? నిబంధనల పాటింపుపై పరిశోధనలు – ఒక విమర్శ

ఔషధ కర్మాగారంలో ఒక బ్యాచ్ విఫలమవుతుంది. విచారణ నివేదికలో కారణం అన్నచోట ‘సిబ్బంది పొరపాటు’ అనీ, దిద్దుబాటు అన్నచోట ‘మళ్ళీ శిక్షణ ఇచ్చాము’ అనీ నమోదవుతుంది. సంతకాలు పూర్తవుతాయి. కొన్ని నెలల తరువాత అదే లోపం మరొక షిఫ్టులో, మరొక ఉద్యోగి చేతిలో తిరిగి కనిపిస్తుంది. నాణ్యతా విభాగాల్లో పనిచేసేవారికి ఇది కొత్త కథ కాదు. ఐరోపా సమాఖ్య ఔషధ తయారీ మార్గదర్శకాల మొదటి అధ్యాయం ఈ అలవాటును గుర్తించింది. మానవ తప్పిదాన్ని కారణంగా చూపాలంటే ప్రక్రియలో, విధానాల్లో, వ్యవస్థలో ఉన్న లోపాలను విస్మరించలేదని ముందుగా నిర్ధారించుకోవాలని అది కోరుతుంది. అంటే, సరైన కారణం చెప్పడం కూడా నిబంధనలో భాగమే.

నిబంధనల పాటింపును కార్యకారణ విశ్లేషణతో మెరుగుపరచాలనే డాక్టరేట్ పరిశోధనలు ఈ అవసరానికే సమాధానం వెతుకుతాయి. వాటి ఉద్దేశం మెచ్చదగినది. అయితే ఇటువంటి పరిశోధనలో రెండు వేరువేరు పనులు ఒకే పేరుతో కలిసిపోయే ప్రమాదం ఉంది. జరిగినదాని నుండి వెనక్కు నడిచి ‘ఎందుకు’ అని అడగడం ఒకటి. ఫలానా మార్పు చేస్తే ఉల్లంఘనలు తగ్గుతాయా అని ముందుకు చూడడం రెండవది. జుడియా పెర్ల్ కార్యకారణ జ్ఞానాన్ని మూడు మెట్లుగా విభజించాడు: రెండు విషయాలు కలిసి కనబడడం, ఒకదాన్ని మార్చి ఫలితం చూడడం, జరిగింది జరగకపోయి ఉంటే ఏమయ్యేదని ఊహించడం. సంస్థల దగ్గరున్న సమాచారం చాలావరకు మొదటి మెట్టుది. నిర్వాహకులు అడిగే ప్రశ్నలు మాత్రం పై రెండు మెట్లవి.

మొదటి చిక్కు సమాచారంలోనే ఉంది. ఉల్లంఘనల జాబితా అంటే జరిగిన ఉల్లంఘనల జాబితా కాదు, పట్టుబడినవాటి జాబితా. ప్రమాదకరమని అనుమానించిన చోటికే తనిఖీదారులు ఎక్కువగా వెళతారు, వెళ్ళినచోటే లోపాలు ఎక్కువగా దొరుకుతాయి. ఆ జాబితాను అలాగే గణకానికి అప్పగిస్తే, తనిఖీలే ఉల్లంఘనలను పెంచుతున్నాయని తేలినా ఆశ్చర్యం లేదు. ఈ చిక్కును దాటవచ్చని లెవీన్, టొఫెల్, జాన్సన్ 2012లో ‘సైన్స్’ పత్రికలో చూపారు. కాలిఫోర్నియాలో కార్మిక భద్రతా సంస్థ యాదృచ్ఛికంగా ఎంపిక చేసి తనిఖీ చేసిన పనిచోట్లను, ఎంపికకు అర్హత ఉండి కూడా ఎంపిక కానివాటితో వారు పోల్చారు. తనిఖీ జరిగినచోట గాయాల రేటు 9.4 శాతం, గాయాలవల్ల అయిన ఖర్చు 26 శాతం తగ్గాయి. ఆ ఫలితానికి బలాన్నిచ్చింది గణితం కన్నా ముందు ఎంపిక జరిగిన తీరు. తన సమాచారం ఎవరు, ఎందుకు, ఎలా సేకరించారో చెప్పని సిద్ధాంతగ్రంథంలో ఎంత అందమైన కారణచిత్రం ఉన్నా దాని పునాది బలహీనమే.

రెండవ చిక్కు వెనక్కు నడిచే దారిలో ఉంది. ‘ఎందుకు’ అనే ప్రశ్నకు సహజమైన అంతం లేదు. అడిగేవాడు ఎక్కడ ఆగితే అదే మూలకారణం అవుతుంది. న్యాయశాస్త్రం ఈ విషయంలో చాలా జాగ్రత్తపడింది. కార్యానికి నియతంగా ముందుండడం ఒక్కటే చాలదు, అది అన్యథాసిద్ధం కాకూడదు కూడా. కుండకు మట్టి మోసిన గాడిద కుండకన్నా ముందే ఉన్నా, అది కుండకు కారణం కాదు. మట్టి మరోదారిన వచ్చినా కుండ తయారవుతుంది. ‘మళ్ళీ శిక్షణ’ అని రాసే ప్రతి నివేదికనూ అడగవలసిన ప్రశ్న ఇదే: ఆ ఉద్యోగి స్థానంలో మరొకరు ఉంటే ఈ లోపం తప్పేదా?

2020 మే 7న విశాఖపట్నంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ 21 ప్రధాన కారణాలను గుర్తించి, వాటిలో 20కి యాజమాన్యమే బాధ్యత వహించాలని చెప్పింది. నిరోధక రసాయనం చాలినంత లేదు. ట్యాంకు అడుగున తప్ప పై పొరల్లో ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు లేదు. 2019 డిసెంబరులో శీతలీకరణ గొట్టాల అమరికను మార్చారు. ప్రమాదవేళ సైరన్ మోగలేదు. అడుగున ఉన్న మాపకం చూపే అంకెను ప్రతిరోజూ పట్టికలో నింపినా, పై పొరలో ఏం జరుగుతోందో ఆ పట్టిక చెప్పదు. పట్టిక నిండడం నిబంధన పాటింపు కావచ్చు, అది భద్రత మాత్రం కాదు.

ఇంత వివరమైన విచారణ కూడా పరిశోధకులకు కొంత పని మిగిల్చింది. 21 కారణాలు ఒకే జాబితాలో ఉన్నా, అవి ఒకే కార్యానికి కారణాలు కావు. సైరన్ మోగినా ట్యాంకులో రసాయన చర్య ఆగేది కాదు, కాని నిద్రలో ఉన్నవారికి తప్పించుకునే సమయం దొరికి ఉండవచ్చు. నిరోధకం చాలినంత ఉంటే ఆ చర్య అంతదూరం వెళ్ళడమే కష్టం. మొదటిది మరణాలకు సంబంధించిన కారణం, రెండవది ప్రమాదానికే సంబంధించినది. నాన్సీ లెవెసన్ ప్రతిపాదించిన పద్ధతి ప్రమాదాన్ని సంఘటనల గొలుసుగా కాక, అదుపు చేయవలసిన వ్యవస్థల వైఫల్యంగా చూస్తుంది. ఉద్యోగి దగ్గర ఆగిపోయే విచారణను అది రూపకర్తల దాకా, యాజమాన్యం దాకా, నియంత్రణ సంస్థల దాకా తీసుకువెళుతుంది. ఆ మేలు పెద్దది. అయితే లోపాలు అన్ని స్థాయిల్లోనూ కనిపించినప్పుడు ముందుగా దేన్ని సరిచేస్తే ఎంత ప్రయోజనమో చెప్పాలంటే ముందుకు చూసే విశ్లేషణ తప్పదు. రెండు దారులూ కలిసేది ఇక్కడే.

ఈ చర్చ విశ్వవిద్యాలయ గోడల మధ్యనే ఆగిపోయేది కాదు. సిద్ధాంతగ్రంథంలోని నమూనా రేపు ఒక సంస్థలో సాఫ్ట్‌వేర్ అవుతుంది. కారణం అన్నచోట ఏయే సమాధానాలకు చోటుందో అదే నిర్ణయిస్తుంది. ఆ జాబితాలో ‘సిబ్బంది పొరపాటు’ ఉండి, ‘యాజమాన్య నిర్ణయం’ లేకపోతే విచారణ ఎటు పోతుందో ముందే తేలిపోయినట్టే. అందుకే ఈ రంగంలో ప్రతి పరిశోధనా మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: సమాచారం ఎలా వచ్చింది, వివరిస్తున్నది ఏ కార్యానికి కారణం, అన్వేషణ ఇక్కడే ఎందుకు ఆగింది. మూడవ ప్రశ్నకు జవాబు లేనప్పుడు, నింద నివేదికను వ్యతిరేకించే అధికారం లేనివారి మీద పడుతుంది.