మెంతులకు నాలుగు రోజుల చీకటి

మినియాపొలిస్‌లో చలి ముదిరితే మా తెలుగువాళ్ల ఇళ్లలో కుండీలన్నీ హీటరు పక్కకు చేరతాయి. వణికిపోతాయని జాలి. కానీ వాటిలో చల్లే లెట్యూస్‌కు ఆ వేడే గిట్టదు. 15 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో హాయిగా మొలిచే ఆ విత్తనం 30 దాటితే చాలావరకు కళ్లే తెరవదు.

చలికాలంలో కరువు వేడికి కాదు, వెలుతురుకే. పగలు 10 గంటలకన్నా తగ్గితే ఆకుకూరల ఎదుగుదల దాదాపు ఆగిపోతుందని మెయిన్ రాష్ట్రంలో చలికాలపు సాగుకు పేరుపడ్డ ఎలియట్ కోల్‌మన్ చెబుతారు. మా దగ్గర డిసెంబరు 21న పగలు 9 గంటలైనా ఉండదు. కిటికీలో లెట్యూస్ సన్నగా సాగి, పాలిపోయి, పక్కకు వాలుతుంది. ఎల్‌ఈడీ దీపాలు జానెడు ఎత్తున వేలాడదీసి రోజూ 14 గంటలు వెలిగిస్తే వస్తుంది, కాదనను. బేస్‌మెంటంతా గులాబీ వెలుగు నింపుకున్న మిత్రులున్నారు. పొరుగువాళ్లు ఏమనుకుంటున్నారో!

నా ఓటు మాత్రం ట్రేలో మొలిపించి లేతగా కోసే మొలక కూరకే. వెర్మాంట్‌కు చెందిన పీటర్ బర్క్ 2015లో దీని మీద పుస్తకమే రాశారు. తొలి రోజులకు కావలసిన తిండి గింజలోనే ఉంటుంది గనుక, కిటికీ వెలుతురు ఆకును పచ్చబరిస్తే చాలు. మెంతులు రాత్రంతా నానబెట్టి, ట్రేలో తడిమట్టి మీద ఒకదాన్నొకటి ఆనుకునేంత ఒత్తుగా చల్లాలి. పైన మట్టి కప్పక్కర్లేదు. తడిపిన న్యూస్‌పేపరు మడతలు పరిచి నాలుగు రోజులు కప్‌బోర్డులో వదిలేయాలి. పెళ్లి పాలికల్లో నవధాన్యాలు చల్లిన చేతికి ఇదేం కొత్త పని కాదు. బయటికి తీసేసరికి మొలకలు పసుపు తిరిగి, కాగితాన్ని పైకెత్తుతూ ఉంటాయి. కంగారు పడకండి. కిటికీలో పెడితే పచ్చబడి, చల్లిన పది రోజులకు అటూ ఇటూగా కోతకొస్తాయి.

ఆవాలు నానబెడితే జిగురొస్తాయి, పొడిగానే చల్లండి. బఠాణీలు బద్దలు కానివి కావాలి. ధనియాల జోలికి పోవద్దు, మొలవడానికే వారాలు తీసుకుంటాయి. వంటింటి డబ్బాలోని మెంతులు చాలు; మందు పట్టించిన విత్తనాలు వాడొద్దు.

మెంతి మొలకది లేత చేదు. నానిన పెసరపప్పు, కీరా ముక్కలు, పచ్చిమిర్చి, నిమ్మరసంతో కలిపితే చపాతీకి వేరే కూర అక్కర్లేదు. ఒకసారి కోసిన మెంతి మళ్లీ సరిగా చిగురించదు. అందుకని మొదటి ట్రే కిటికీలోకి వచ్చిన రోజే రెండోదానికి మెంతులు నానబెట్టండి.