యానిమేషన్ చిత్రాల్లో కుటుంబ నీతి : మారుటితల్లి, శిక్ష, క్షమ

ఉపోద్ఘాతం

యానిమేషన్ చిత్రాలను బాలల వినోదంగా మాత్రమే పరిగణించడం వల్ల వాటిలోని నీతి వ్యవస్థ తెలుగు విమర్శ దృష్టికి అరుదుగా వచ్చింది. వాల్ట్ డిస్నీ సంస్థ నిర్మించిన 'స్నో వైట్' (1937), 'సిండరెల్లా' (1950), 'ది లయన్ కింగ్' (1994) కథలు తెలుగు పిల్లలకు సుపరిచితాలు. చివరిదాని పునర్నిర్మాణం 2019లో నాని, జగపతిబాబు తదితరుల గాత్రాలతో తెలుగులో కూడా విడుదలైంది. ఈ చిత్రాలు బోధించే కుటుంబ నీతిని తెలుగు కథా సంప్రదాయంతో పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

బంధువాచకాలు – బాధ్యత

గ్రిమ్ సోదరుల 1812 నాటి తొలి ముద్రణలో స్నో వైట్‌ను చంపజూసేది కన్నతల్లే. 1819 ముద్రణలో ఆమె మారుటితల్లిగా మారింది. డిస్నీ ఈ రెండో రూపాన్నే స్వీకరించింది. కన్నతల్లి పవిత్రతను కాపాడటం కోసం క్రౌర్యాన్ని బయటినుంచి వచ్చిన స్త్రీకి ఆపాదించిన మార్పు ఇది. 'సిండరెల్లా'లో తండ్రి కథారంభంలోనే మరణిస్తాడు. కనుక ఇంట్లో జరిగే అన్యాయానికి అతడు జవాబు చెప్పవలసిన అవసరం రాదు.

తెలుగులో ఈ పాత్రలను 'సవతి తల్లి' అనడం వాడుక. సవతి అంటే భర్తకు గల మరో భార్య. ఈ అర్థంలో అసలైన సవతి తల్లి ధ్రువోపాఖ్యానంలోని సురుచి. అక్కడ కన్నతల్లి సునీతి బతికే ఉంది. తండ్రి ఉత్తానపాదుడు ఎదుటే ఉండి మౌనం వహించాడు. అందువల్ల అన్యాయం ఒక్క స్త్రీ స్వభావదోషంగా మిగలక, తండ్రి బలహీనతతో ముడిపడిన కుటుంబ సమస్య అవుతుంది.

'ది లయన్ కింగ్'లోని స్కార్ విషయంలోనూ బంధువాచకం కీలకమే. ఆంగ్లంలో అతడు 'అంకుల్' మాత్రమే. ఆ మాట మేనమామకూ చెల్లుతుంది. తెలుగులో తండ్రి తమ్ముడు చిన్నాన్న. ఆ మాటలోనే నాన్న ఉన్నాడు. తెలుగు ప్రేక్షకుడికి స్కార్ ద్రోహం రాజ్యకాంక్షతో పాటు పితృస్థానానికి చేసిన ద్రోహంగా కూడా తోస్తుంది.

శిక్ష – కర్తృత్వం

డిస్నీ చిత్రాల్లో దుష్టులు నశిస్తారు గాని నాయకుల చేతికి నెత్తురు అంటదు. 'స్నో వైట్'లో రాణి నిలిచిన కొండకొమ్ముపై పిడుగు పడుతుంది. స్కార్‌ను సింబా వదిలిపెట్టినా హైనాలు చంపుతాయి. శిక్షించాలా, క్షమించాలా అన్న నిర్ణయభారం నాయకులపై చివరిదాకా నిలవదు. పెరో చెప్పిన పాత ఫ్రెంచి కథలో సిండరెల్లా అక్కలను క్షమించి వారికి పెళ్లిళ్లు చేయిస్తుంది. డిస్నీ ఆ కథనే ఆధారం చేసుకున్నా ఈ ఘట్టాన్ని విడిచిపెట్టి, నాయిక పెళ్లితో చిత్రాన్ని ముగించింది.

భాగవతంలో సునీతి ఇతరులకు కీడు తలపెట్టవద్దని కొడుకుకు చెబుతుంది. వరం పొంది తిరిగివచ్చిన ధ్రువుడు సురుచికి కూడా నమస్కరిస్తాడు, ఆమె ఆశీర్వదిస్తుంది. ప్రహ్లాద చరిత్రలో హింసించేవాడు స్వయంగా కన్నతండ్రే. అక్కడా వధించేది కొడుకు కాదు, నరసింహుడు. ఈ అంశంలో పురాణమూ డిస్నీ పద్ధతికి దూరం కాదు. తేడా వధ తరవాత కనిపిస్తుంది. ప్రహ్లాదుడు తండ్రి పాపవిముక్తిని కోరి, ఉత్తరక్రియలు జరుపుతాడు. తండ్రిని ధిక్కరించినవాడే కొడుకుగా తన బాధ్యతను నెరవేరుస్తాడు.

అయితే ఈ క్షమకూ మూల్యం ఉంది. ఉత్తానపాదుడు పశ్చాత్తాపపడతాడు గాని, సునీతికి జరిగిన అవమానానికి పరిహారం ఏమిటన్న ప్రశ్నను కథ లేవనెత్తదు. సర్దుకుపోవడం ధర్మంగా స్థిరపడినప్పుడు బాధితుల ఫిర్యాదు వినబడకుండా పోతుంది.

హైదరాబాదు భీముడు

హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ సృష్టించిన 'ఛోటా భీమ్' 2008లో పోగో ఛానెల్‌లో ప్రారంభమైంది. పేరు భారతంలోనిదైనా ఈ భీముడికి నలుగురు అన్నదమ్ములు లేరు, దాయాదులు లేరు. తల్లి, స్నేహితులు, ఢోలక్‌పూర్ గ్రామం అతడి లోకం. దాయాదుల పోరు అనే భారత కథామూలం ఇక్కడ తొలగిపోయింది. కాని కాలియా ఎన్నిసార్లు ఓడినా ఊరినుంచి వెళ్లిపోడు. మళ్లీ ఆటలో చేరతాడు. తప్పు చేసినవాడితో కలిసి బతకాలన్న పాత నీతి ఇలా హాస్యరూపంలో కొనసాగింది.

ముగింపు

డిస్నీ చిత్రాలు కుటుంబంలోని దోషాన్ని ఒక వ్యక్తిలో నిలిపి, ఆ వ్యక్తిని తొలగించి శాంతిని సాధిస్తాయి. పురాణకథ దోషిని కుటుంబంలోనే ఉంచి సంబంధాన్ని నిలుపుతుంది గాని న్యాయాన్ని వాయిదా వేస్తుంది. బాలసాహిత్య బోధనలో ఈ రెండింటినీ పక్కపక్కన చదివినప్పుడే, క్షమకు ముందు తప్పును తప్పని చెప్పాలన్న అవగాహన పిల్లలకు కలుగుతుంది.