కొండవాలు మీద చదును: లంబసింగి టెర్రస్‌లపై ఒక పరిశీలన

సమతల ప్రదేశంలో ఇంటికీ తోటకీ ఉండే సంబంధాన్ని మీరు ఇంతకుముందు చదివారు. ఇప్పుడు వాలు నేలకు వద్దాం. ఈ భాగం పూర్తిచేశాక ఒక టెర్రస్‌ను చూసి అది మంచిదో కాదో కారణాలతో చెప్పగలగాలి. ‘అందంగా ఉంది’ అని ఊరుకుంటే అది విమర్శ కాదు.

తెలుగులో మనం టెర్రస్ అనే ఒక్క మాటతో మూడింటిని సూచిస్తున్నాం: ఇంటిపైన డాబా, కొండవాలున మెట్లుమెట్లుగా ఉండే మడి, ఇంటిముందు ఎత్తుగా కట్టిన అరుగు. మూడూ చదునైన తలాలే. అయితే వాలు మీద చదును ఊరికే రాదు. పైవైపు తవ్వాలి, ఆ మట్టిని కిందివైపు పోయాలి. తవ్వినచోట కొండ కోత బయటపడుతుంది. పోసినచోట మట్టి వదులుగా ఉంటుంది. వానాకాలంలో ఈ రెండు చోట్లా ప్రమాదమే. కాబట్టి టెర్రస్‌ను అంచనా వేసేటప్పుడు మొదటి ప్రశ్న: పైనుంచి వచ్చిన నీరు ఎటు పోతుంది?

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగిని ఉదాహరణగా తీసుకుందాం. సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరిని చలి కారణంగా ‘ఆంధ్రా కశ్మీర్’ అంటారు. చలికాలంలో మంచును చూడటానికి పర్యాటకులు వస్తారు. వారికోసం గుడారాలు, వసతి గృహాలు, మంచును చూసే వేదికలు వెలిశాయి. వీటిలో తరచూ కనిపించే పద్ధతి ఒకటుంది. యంత్రంతో వాలును కోసి, కాంక్రీటు అడ్డుగోడ కట్టి, పైన పలకలు పరిచి, కుర్చీలు వేస్తారు. గోడలో నీరు కారే రంధ్రాలు లేకపోతే వెనుక మట్టి తడిసి బరువెక్కుతుంది, ఆ ఒత్తిడంతా గోడ మీద పడుతుంది. బరువును ఆపాలనుకున్న గోడ నీటిని కూడా ఆపేయడమే ఇక్కడి లోపం.

ఇదే తూర్పు కనుమల్లో, ఇంకా ఉత్తరాన, సవరలు కట్టిన మెట్ల మడులను దీనితో పోల్చండి. అక్కడ మడి అంచున సున్నం, సిమెంటు లేకుండా రాళ్లు పేర్చి కడతారు. రాళ్ల సందుల్లోంచి నీరు ఊరుతుంది, మట్టి నిలుస్తుంది. వాగు నీరు పై మడిని తడిపి కింది మడికి దిగుతుంది. అంటే ప్రతి మెట్టూ కింది మెట్టును దృష్టిలో పెట్టుకుని కట్టిందే. పర్యాటక వేదికలో ఈ ఆలోచనే లోపిస్తుంది. తన నీటిని కిందివారి పొలంలోకి వదిలేసి అది చేతులు దులుపుకుంటుంది.

వేడుక కోసం కట్టిన టెర్రస్‌లన్నీ తప్పేనా? కాదు. లంబసింగికి పేరిచ్చిన కశ్మీరునే చూడండి. శ్రీనగర్‌లో దాల్ సరస్సు ఒడ్డున ఆసఫ్ ఖాన్ 1633లో నిర్మించిన నిషాత్ బాగ్‌లో 12 అంతస్తుల టెర్రస్‌లున్నాయి. అదీ చూపుల కోసం కట్టిన తోటే. కానీ నీటికాలువ తోట మధ్యగా పైనుంచి కిందికి నడుస్తుంది. నీరు దిగే దారినే అక్కడ అలంకారంగా మలిచారు. పోలిక చలితో ఆపకుండా ఇంతదాకా తెచ్చుకుంటే మనకు పాఠం దొరుకుతుంది.

ఇక ఇళ్ల సంగతి. తక్కువ ఖర్చు నిర్మాణాలకు పేరుపొందిన లారీ బేకర్ వాలు నేలలో ఇంటిని వాలుకు అడ్డంగా, అంటే ఒకే ఎత్తును కలిపే రేఖ వెంబడి పొడవుగా పెట్టమన్నాడు. అప్పుడు తవ్వకం, పోత రెండూ తగ్గుతాయి. మెట్టు అంచున కట్టిన ఇంటికి లోతైన పునాది కావాలనీ, మెట్టు మధ్యలో కడితే ఖర్చు తగ్గుతుందనీ చెప్పాడు. దృశ్యం కోసం అంచుకే పరుగెత్తే వసతి గృహాలకు ఈ మాట నేరుగా వర్తిస్తుంది.

డాబా విషయంలో తొందరపడి తీర్పు చెప్పకండి. ఆకాశం తేటగా ఉన్న చలి రాత్రి కాంక్రీటు స్లాబు తన వేడిని త్వరగా కోల్పోతుంది. గడ్డి కప్పు అంత త్వరగా చల్లబడదు. ఈ కారణంతో కొందరు విమర్శకులు పాత ఇంటినే మెచ్చుకుంటారు. కానీ కాఫీ, మిరియాలు, పసుపు ఆరబెట్టుకోవడానికి చదునైన చోటు కావాలి. కప్పును ఏటేటా నేసే శ్రమ కూడా లెక్కలోకి రావాలి. డాబా కోరుకునే కుటుంబం పొరపాటు పడటం లేదు. చలిని పట్టించుకోని నమూనాదే తప్పు. 1967లో మాంట్రియల్‌లో మోషే సఫ్దీ రూపొందించిన హ్యాబిటాట్ 67లో ఒకరి ఇంటికప్పు మరొకరికి తోట అయింది. అక్కడ చదునైన నేల మీద కొండలాంటి ఇళ్ల వరుస కట్టారు. మనకు కొండ ఉంది, మనమేమో దాన్ని చదును చేస్తున్నాం.

రెండో ప్రశ్న: ఆ చదును మీద కూర్చునేది ఎవరు? అరుగు మీద ఇంటివారు కూర్చుంటారు, దారినపోయేవారూ కూర్చుంటారు. టికెట్టు పెట్టిన వేదిక మీద ఊరివారికి చోటుండదు. లంబసింగి షెడ్యూల్డు ప్రాంతం. 1/70 నిబంధన ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయకూడదు. అందువల్ల ఒక వేదిక ఎవరి నేల మీద, ఎవరి ఆదాయం కోసం లేచిందని అడగడం వాస్తు విమర్శకు బయటి విషయం కాదు. పర్యాటకం వల్ల ఊరికి పని దొరకవచ్చు, దాన్ని కాదనలేం. అయితే ఆ ఊరివారే తమ ఇంటి పక్కన, రాతి గట్టుతో, నీటికి దారి వదిలి కట్టుకున్న చిన్న వసతి కూడా ఆ పని ఇవ్వగలదు. మంచు అక్కడినుంచి కూడా కనబడుతుంది.

అభ్యాసం: మీ ఊళ్లో గట్టు, చెరువు కట్ట, డాబా, అరుగు వీటిలో ఒకదాన్ని ఎంచుకోండి. వాన కురుస్తున్నప్పుడు వెళ్లి నీరు ఎక్కడ చేరి ఎక్కడికి పోతోందో గీసి చూపండి. దాన్ని ఎవరు వాడుకుంటున్నారో, ఎవరు వాడుకోలేకపోతున్నారో రాయండి. మీ తీర్పును చివరి వాక్యంలో చెప్పండి. అంతకుముందు వాక్యాలన్నీ మీరు కళ్లతో చూసినవే కావాలి.