గోడపత్రిక, పాళెము, దేవుని మందిరము: మహమ్మారి కాలపు వెలివేతపై ఒక పరిశీలన

2020 మార్చిలో హైదరాబాదు అమీర్‌పేట మెట్రో స్టేషన్ వద్ద ఒక గోడపత్రిక కనిపించింది. హిజ్రాలను దుకాణాల దగ్గరకు రానివ్వవద్దని, వారితో మాట్లాడినా కరోనా సోకుతుందని, వారిని కొట్టి తరమాలని, లేదా 100కు ఫోన్ చేయాలని అది ప్రజలకు చెప్పింది. ఆ నెలలోనే లాక్‌డౌన్ వచ్చింది. దుకాణాలు, రైళ్లు, శుభకార్యాలు ఆగిపోగా, వాటిపై ఆధారపడిన హిజ్రాల జీవనోపాధి కూడా ఆగింది. ఆకలికి తోడు దెబ్బల భయం చేరింది.

ఈ అనుమానం కరోనాతో పుట్టినది కాదు. నిజాం రాజ్యంలో 1919 నాటి చట్టం హైదరాబాదులోని హిజ్రాల పేర్లను రిజిస్టరుకెక్కించి, అలా నమోదైనవారు స్త్రీ వేషంలో వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారమిచ్చింది. తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది 2023 జూలైలో మాత్రమే.

గోడపత్రికలోని తర్కం లేవీయకాండమును తలపించవచ్చు. కాని లేవీ. 13లో యాజకుడు మచ్చను స్వయంగా పరీక్షించాలి. సందేహముంటే ఏడు దినములు ప్రత్యేకించి, మరల చూడాలి. 14:3 ప్రకారం యాజకుడే పాళెము వెలుపలికి వెళ్లి, రోగి బాగుపడెనేమో చూడాలి. అక్కడ పరీక్ష ఉంది, గడువు ఉంది, తిరిగి వచ్చే మార్గముంది. గోడపత్రికలో ఈ మూడూ లేవు. అది రోగాన్ని వెదకలేదు. ఒక జనసమూహపు ఉనికినే రోగమని ప్రకటించింది.

వెలివేతను గూర్చి ప్రసంగించవలసినప్పుడు మనము సాధారణంగా మార్కు 1:40-45ను ఎంచుకుంటాము. యేసు కుష్ఠరోగిని ముట్టెను గనుక మనమూ హిజ్రాలను ఆదరించాలని బోధిస్తాము. ఉద్దేశం మంచిదే, అన్వయం లోపభూయిష్టం. హిజ్రాలను కుష్ఠరోగి స్థానంలో నిలబెట్టిన మరుక్షణం వారిని రోగులుగా చూసిన గోడపత్రికతో మనమూ ఏకీభవించినట్లే. ఈ భాగము వారిని గూర్చి కాక మనలను గూర్చి మాట్లాడుతుంది. 45వ వచనంలో రోగి ఊరిలో తిరుగుతుండగా, యేసు వెలుపల అరణ్యప్రదేశములలో ఉండవలసివచ్చింది. ముట్టినవాడు వెలివేత భారాన్ని తానే మోశాడు.

హిజ్రాల స్థానాన్ని గూర్చి అడగవలసిన వాక్యభాగము యెషయా 56:3-5. నాటి షండులు, నేటి హిజ్రాలు ఒకటేనని చెప్పలేము. అయితే ద్వితీయోపదేశకాండము 23:1 శరీర కారణముగా సమాజమునుండి మినహాయించినవారికే యెషయా దేవుని వాగ్దానాన్ని వినిపిస్తున్నాడు. ఆ వాగ్దానం భిక్ష కాదు. దేవుని మందిరములో ఒక స్థలము, కొట్టివేయబడని ఒక పేరు.

లాక్‌డౌన్‌లో కేంద్ర ప్రభుత్వం ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఒక్కసారి 1500 రూపాయల సహాయం ప్రకటించింది. ఆ రోజుల్లో బియ్యము పంచడం అవసరమైన పరిచర్యే. అయితే బియ్యము గుమ్మము వెలుపల కూడా పంచవచ్చు. నిజాం రిజిస్టరు హిజ్రాల పేర్లను అనుమానంతో వ్రాసుకున్నది. మన సంఘ సభ్యత్వ రిజిస్టరులో, ప్రభువు బల్ల యొద్ద, సమాధుల తోటలో వారి పేరుకు చోటున్నదా? యెషయా 56 మన సంఘాలను అడుగుతున్న ప్రశ్న ఇదే.