కుర్చీ అరువిచ్చే చోటు

మా ఊరి శాఖా గ్రంథాలయం తలుపుకి ఈ వారం కొత్త నోటీసు అంటించారు. తెల్లకాగితం మీద నీలిరంగు స్కెచ్ పెన్నుతో, కింద రెండు గీతలు కొట్టి మరీ రాశారు: ‘పాఠకులు సొంత పుస్తకములు లోనికి తీసుకురారాదు.’ చదవగానే ప్రాణం లేచొచ్చింది. ఈ కాలమ్‌ని మొదటినుంచీ భరిస్తున్నవాళ్ళకి నా చాదస్తాలు కొత్తేమీ కావు. పేజీ మూల మడిచేవాళ్ళ మీదా, అరువు తీసుకుని అట్ట ఊడగొట్టి తిరిగిచ్చేవాళ్ళ మీదా, పుస్తకాల అరలో కొండపల్లి బొమ్మలు పెట్టేవాళ్ళ మీదా ఇప్పటికే బోలెడు సిరా ఖర్చుపెట్టాను. గ్రంథాలయాల్ని స్టడీ హాళ్ళు చేసేశారన్నది ఆ వరసలోదే మరో గొడవ. నేనది ఎత్తుకున్నప్పుడల్లా మా ఆవిడ టీవీ సౌండు పెంచుతుంది.

పొద్దున్నే పేపరు కోసం అక్కడికి వెళ్తాను. పేపరు బల్ల దగ్గర మా పెద్దవాళ్ళ బ్యాచి ఉంటుంది. ఒకాయన చేతిలో మెయిన్, ఇంకొకాయన చేతిలో జిల్లా పేజీలు. మూడో ఆయన ఖాళీ చేతులతో, ఎవరిది ముందు అవుతుందా అని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తుంటాడు. మిగతా హాలంతా పోటీ పరీక్షల పిల్లలది. గ్రూప్స్, డీఎస్సీ, ఎస్సై, బ్యాంకు. ఒక్కొక్కరి ముందు లావుపాటి గైడు, నాలుగు రంగుల హైలైటర్లు, నీళ్ళ సీసా. బీరువాల మీద హెల్మెట్లు వరసగా పెట్టి ఉంటాయి. వాటి కింద, అద్దం వెనక, విశ్వనాథ, కొడవటిగంటి, రంగనాయకమ్మ ఒకరి మాట ఒకరికి పడకపోయినా ఒకే అరలో సర్దుకుని ఉంటారు. ఎవరైనా నవల అడిగితే లైబ్రేరియన్ గారు ఒకసారి ఎగాదిగా చూసి, తాళంచెవుల కోసం సొరుగులన్నీ వెతుకుతారు. ఆయన్ననీ లాభం లేదు. ఇంకో ఊరి గ్రంథాలయానికి కూడా ఆయనే ఇన్‌చార్జి.

అందుకే నోటీసు నచ్చింది. లైబ్రరీకి వచ్చేది లైబ్రరీ పుస్తకం చదవడానికి. సొంత పుస్తకం చదువుకోవడానికి ఎవరిల్లు వాళ్ళకుంది కదా!

ఇదే మాట సాయంత్రం నడకలో మా లెక్కల మాస్టారితో అన్నాను. ఆయన మీకు బాగా తెలిసినవారే, నేను ఏ అభిప్రాయం ప్రకటించినా దాన్ని భాగహారం చేసి శేషం చూపించే మనిషి. ‘‘వాళ్ళు రావడం మానేస్తే రిజిస్టర్లో రోజుకి ఎన్ని సంతకాలుంటాయో లెక్కేశారా? పేపరు బల్ల దగ్గరి మన నలుగురివీ. ఆ నాలుగు సంతకాలు చూపించి ఈ ఊరికి లైబ్రరీ దండగ అని పైవాళ్ళు రాసేస్తే ఏం చేస్తారు?’’ అన్నారు.

సంతకాలు పెంచుకోడానికా గ్రంథాలయాలు పెట్టింది అని నేను విసుక్కున్నాను. కానీ రిజిస్టరు మాట మాత్రం వదల్లేదు. రాత్రంతా నాకు మా పల్లెటూరి గ్రంథాలయపు రిజిస్టరే కళ్ళముందు మెదిలింది.

అది పంచాయతీ ఆఫీసు పక్కన ఒక్క గది. పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. శుక్రవారం సెలవు. డెబ్బైల తొలిరోజులు. సభ్యత్వం మా నాన్న పేరు మీద ఉండేది, డిపాజిట్ కట్టింది కూడా ఆయనే. ఆయన జన్మలో ఒక నవల చదవలేదు. పంచాంగం, పాలకేంద్రం చీటీలు, కోర్టు కాగితాలు, అంతే ఆయన చదువు. రిజిస్టర్లో ఆయన పేరుకి ఎదురుగా మాత్రం యద్దనపూడి, కోడూరి కౌసల్యాదేవి, మాదిరెడ్డి సులోచన, లత వరసగా ఉండేవారు. ఏ ఆడిటరైనా ఆ పేజీ తిరగేస్తే ఈ ఆసామి ఎంత సుకుమార హృదయుడో అనుకునేవాడు.

చదివేది మా అమ్మ. ఆ గదిలో ఆమె ఒక్కసారీ అడుగుపెట్టలేదు. మా అమ్మే కాదు, ఊళ్ళో ఏ ఇంటి ఆడవాళ్ళూ పెట్టలేదు. అక్కడ మగవాళ్ళు బల్లల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని పేపరు పైకి చదివించుకుంటూ రాజకీయాలు మాట్లాడుకునేవారు. ఆడవాళ్ళ తరఫున మేం వెళ్ళేవాళ్ళం. సంచిలో చదివేసిన పుస్తకం, నిక్కరు జేబులో చీటీ. చీటీలో మూడు పేర్లు ఉండేవి, ఒకటి లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. ఏదీ లేకపోతే ఏం చెయ్యాలో కూడా చివర రాసి ఉండేది: ‘లైబ్రేరియన్ గారు ఏదిస్తే అది. డిటెక్టివ్ వద్దు.’

ఆ పుస్తకాల అంచుల్లో పెన్సిలు రాతలుండేవి. ఇప్పుడైతే పుస్తకం మీద రాసేవాళ్ళని ఉతికి ఆరేస్తాను గానీ ఆ రాతల్ని మాత్రం ఏమీ అనను. ‘ఇక్కడిదాకా సోది, ఇక్కడినుంచి చదవండి’ అని ఒక చెయ్యి. ‘వీణ్ణి చేసుకోకు అమ్మాయ్’ అని ఇంకో చెయ్యి, హీరో తొలిసారి కారు దిగిన చోటే. దాని కింద వేరే అక్షరాల్లో, ‘చేసుకుంటుంది, చూస్తూండండి.’ పక్కపక్క వీధుల్లో ఉండి, పెళ్ళిళ్ళలో పేరంటాల్లో పసుపు కుంకుమల మాటలు తప్ప మాట్లాడుకోని ఆడవాళ్ళు, ఆ అంచుల్లో మాత్రం హీరోని కూర్చోబెట్టి కడిగేసేవారు. మా అమ్మ ఏమైనా రాసేదా అని నేనెప్పుడూ అడగలేదు. ఆమె దిండు కింద మాత్రం ఒక పొట్టి పెన్సిలు ఉండేది.

లెక్క ప్రకారం ఆ గ్రంథాలయం మా ఊరి మగవాళ్ళది. నిజానికి దాన్ని అక్షరమక్షరం వాడుకున్నది గుమ్మం తొక్కని ఆడవాళ్ళు. వాళ్ళకి ఇంట్లో వంటయ్యాక మిగిలిన మధ్యాహ్నం ఉంది, వసారాలో చాప ఉంది, చదువుకోగలిగినంత చదువూ ఉంది. పుస్తకం లేదు. కొనుక్కునే డబ్బు చేతిలో ఉండేది కాదు. ఇంట్లో లేని ఆ ఒక్కటీ గ్రంథాలయం ఇంటికి పంపింది.

ఇలా ఆలోచిస్తే మన గ్రంథాలయోద్యమం కథంతా ఇదే. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం పుట్టిందని, దాని వెనక అయ్యంకి వెంకటరమణయ్య ఉన్నాడని నవంబరు 14 నుంచి 20 దాకా వారోత్సవాల్లో ఏటా దండలేసి చెబుతాం. చెప్పి మర్చిపోతాం. నాకు బాగా ఇష్టమైనది పడవ కథ. కృష్ణా కాలువల్లో పడవ ప్రయాణాలు సాగే రోజుల్లో, 1930లలో, పాతూరి నాగభూషణం పడవలో గ్రంథాలయం నడిపించాడు. కాలువ మీద పోయే పడవ ఎంత నెమ్మదో ఆ తరం వాళ్ళకి తెలుసు. గట్టు మీద తాడు పట్టి మనుషులు లాగుతుంటే సాగేది. ఆ ప్రయాణికులకి కాలం బోలెడంత ఉంది, చేతిలో చదవడానికి ఏమీ లేదు. పుస్తకాలే పడవెక్కి వాళ్ళ దగ్గరికి వెళ్ళాయి.

హైదరాబాదు వెళ్తే అక్కడ కరువే వేరు. నిజాం రాజ్యంలో చదువు ఉర్దూలో, కచేరీ ఉర్దూలో. ఇంట్లో మాట్లాడుకునే తెలుగుకి బయట నలుగురిలో కూర్చునే చోటు లేదు. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో, కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు తోడై, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. పుస్తకాలు అప్పటికి ఎన్నున్నా, అసలు సరుకు ఆ గుమ్మం. తెలుగు చదివే పదిమంది బాహాటంగా ఒకచోట చేరడానికి అదొక సాకు. ఆ సాకు ఎంత బలమైందో దొరతనానికీ తెలుసు. గ్రంథాలయాన్ని అది ఏనాడూ అనుమానించకుండా చూడలేదు.

వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్ళినవాళ్ళు గాంధీగారి చేతికర్ర చూసి వస్తారు. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయానికి 1929లో ఆయన శంకుస్థాపన చేశారు. కర్ర చూడవలసిందే. కానీ ఎక్కడెక్కడి పరిశోధకులో అక్కడికి వెళ్ళేది కర్ర కోసం కాదు, పాత పత్రికల కోసం. మనమేం చేశాం? ప్రతి ఇంట్లోనూ పాత పేపర్లు కిలోల లెక్కన అమ్మేసుకున్నాం. ఏ ఇంట్లోనూ మిగలనిది వాళ్ళు దాచారు.

ఇంతవరకూ వచ్చాక నా నోటీసు నాకే అడ్డం తిరగడం మొదలైంది.

మొన్న ఒకరోజు పేపరు చదివి లేచేసరికి పదకొండు. లైబ్రేరియన్ గారు ఫ్యాన్లు ఆపుతున్నారు. పిల్లలు గైడ్లు సంచుల్లో సర్దుకుని బయటికి వచ్చారు గానీ ఇంటికి మాత్రం పోలేదు. మగపిల్లలు ఎదురుగా రామాలయం మండపంలోకి వెళ్ళారు. ఇద్దరు ఆడపిల్లలు మెట్ల మీదే, నీడ ఉన్నంత మేర ఒదిగి కూర్చుని డబ్బాలు విప్పుకున్నారు. మళ్ళీ తలుపు తీసేది నాలుగింటికి. ఎండలో ఇక్కడెందుకమ్మా, ఇంటికెళ్ళి రాకపోయారా అన్నాను. అందులో ఒకమ్మాయి పప్పన్నం కలుపుతూ, ‘‘ఇంటికెళ్తే ఏదో ఒక పని చెప్తారండీ. ఇంట్లో చదివితే ఖాళీగా ఉన్నాననుకుంటారు, ఇక్కడుంటే చదువుకుంటున్నాననుకుంటారు’’ అంది. రెండో అమ్మాయి నవ్వింది. ఆ అమ్మాయి సీసాలో నీళ్ళు రెండు గుక్కలే తాగి మూత బిగించడం చూశాను. ఎందుకో నేను అడగలేదు. ఆ గ్రంథాలయంలో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు.

రెండు గదుల ఇల్లు, ఐదుగురు మనుషులు, ఒక టీవీ. పుస్తకం వాళ్ళ దగ్గర ఉంది. ఏదో పాత బ్యాచి వాళ్ళ దగ్గర సగం ధరకి కొన్న గైడు, ఫోన్లో పీడీఎఫ్‌లు. లేనిది కుర్చీ. కుర్చీ అంటే ఒట్టి కుర్చీ కాదు, అందులో కూర్చుంటే ఎవరూ లేపకూడదు. మా అమ్మకి చోటుంది, పుస్తకం లేదు. ఈ పిల్లకి పుస్తకం ఉంది, చోటు లేదు. అప్పుడు గ్రంథాలయం పుస్తకం అరువిచ్చింది, ఇప్పుడు కుర్చీ అరువిస్తోంది. మొదటిది సాహిత్య సేవ, రెండోది కాదని అనడానికి నాకిప్పుడు నోరు రావడం లేదు. పైగా మా అమ్మ తరం తొక్కలేని గుమ్మం లోపల ఈ పిల్లలు పట్టపగలు కూర్చుంటున్నారు. చదివేది ఇండియన్ పాలిటీయే కానివ్వండి.

ఫోన్లో అన్నీ దొరుకుతుంటే లైబ్రరీ ఎందుకనేవాళ్ళకి కూడా ఇదే జవాబు. ఫోన్లో కుర్చీ దొరకదు. ఇక డబ్బున్నవాళ్ళకి ప్రైవేటు స్టడీ హాళ్ళున్నాయి, ఏసీ, వైఫై, నెలకింత అని. లేనివాళ్ళు ఎక్కడికి పోవాలి? ఊళ్ళో ఏమీ కొనకుండా, ఎవరినీ మొక్కకుండా, ఎందుకొచ్చావని అడిగించుకోకుండా గంటలకొద్దీ కూర్చోగలిగిన చోటు ఇంకొకటి చూపించమంటే నాకు తెలియడం లేదు. గుడి అరుగు ఒకటుంది. అక్కడా పూజారి గారి మొహం చూడాలి.

కాబట్టి నా మాట: ఆ నోటీసు చింపెయ్యాలి. దాని బదులు మధ్యాహ్నం తలుపులు తెరిచి ఉంచాలి. పదకొండు నుంచి నాలుగు దాకా తాళం వెయ్యడం ఎవరి వీలు కోసం పెట్టిన పద్ధతో గానీ, పొద్దున పేపరు చూసి పనిలోకి పోయి సాయంత్రం మళ్ళీ వచ్చే మగవాళ్ళకి అతికినట్టు సరిపోతుంది. ఇవాళ చదివేవాళ్ళు వేరు. రెండు ఊళ్ళ భారం ఒక్కరి మీద పెట్టకుండా ఊరికో లైబ్రేరియన్ కావాలి. ముందు మరుగుదొడ్డి, తరవాత ఇంకో పది కుర్చీలు, ఆ తరవాత కొత్త నవలలు. నవలల్ని మూడో స్థానంలోకి నెట్టిన మొదటి వాక్యం ఈ కాలమ్‌లో ఇదేనని మా మాస్టారు లెక్క తీస్తారు, తియ్యనివ్వండి. బీరువా తాళాల మీద నా పోరు మాత్రం ఆగదు. కుర్చీలో కూర్చున్న పిల్లకి ఏ పరీక్ష లేని సాయంత్రం ఒకటి దొరికితే, చెయ్యి చాపిన దూరంలో ఒక కథల పుస్తకం తగలాలి, తాళంకప్ప కాదు.

డబ్బెక్కడిదని అడుగుతారు. అడిగేవాళ్ళు తమ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూసుకోవాలి. అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక వరస ఉంటుంది. స్వతంత్ర భారతంలో తొలి గ్రంథాలయ చట్టం 1948లో మద్రాసు రాష్ట్రంలో వచ్చింది, అప్పుడు మనమూ అందులోనే ఉన్నాం. 1955లో హైదరాబాదు రాష్ట్రానికి ఒకటి, 1960లో ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఒకటి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకని మన దగ్గర వసూలు చేస్తున్నారు. పన్ను వెయ్యి రూపాయలైతే ఎనభై. వసూలు చేసే పంచాయతీలు, మున్సిపాలిటీలు ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకి జమచెయ్యాలి. చెయ్యకుండా బకాయిలు పెట్టడం ఎంత పాత వార్తంటే, మా పేపరు బల్ల దగ్గర దాన్ని ఎవరూ పైకి చదవరు.

ఈసారి చదవండి, పైకే చదవండి. రసీదు జేబులో పెట్టుకుని మీ ఊరి గ్రంథాలయానికి వెళ్ళండి. పుస్తకం కావలసినవాళ్ళు పుస్తకం, కుర్చీ కావలసినవాళ్ళు కుర్చీ అడగండి. బతిమాలక్కర్లేదు. అద్దె ముందే కట్టేశారు.