పిల్లి ముక్కు ఒప్పుకునేదాకా

కరీంనగర్ ఎండాకాలం మరకలన్నిటినీ మరిపిస్తుంది. మే నెలలో పిల్లి జంపఖానా మీద పోసినా కాసేపట్లో ఎండిపోతుంది, వాసన కూడా పోయినట్టే ఉంటుంది. ఆషాఢంలో ముసురు పట్టగానే అదే మూల నుంచి ఘాటు లేస్తుంది. మళ్లీ ఎప్పుడు పోసిందని ఇంటిల్లిపాదీ పిల్లిని అనుమానంగా చూస్తారు. పాపం, అది మే నెల బాకీ.

ఎండకు ఆరింది నీరు మాత్రమే. మూత్రంలోని ఉప్పులు, యూరియా దారాల సందుల్లోనే ఉండిపోతాయి. గాలిలో తేమ పెరిగితే అవి దాన్ని పీల్చుకుని మళ్లీ మేలుకుంటాయి. బ్యాక్టీరియా యూరియాను విడగొడితే అమోనియా వస్తుంది. కుక్కలదైనా ఇంతే. పిల్లి దగ్గర ఇంకో సంగతి ఉంది. దాని మూత్రంలో ఫెలినిన్ అనే గంధకపు అమైనో ఆమ్లం ఉంటుందని 1953లోనే వెస్టాల్ అనే శాస్త్రవేత్త వేరుచేసి చూపాడు. దాన్ని తయారుచేయించే ప్రోటీన్ సంగతి 2006లో జపాన్ పరిశోధకులు తేల్చారు. ఫెలినిన్‌కు తనంతట తనకు పెద్ద వాసన లేదు. అది మెల్లమెల్లగా విరిగి ఘాటైన గంధక పదార్థాలవుతుంది. అందుకే పోసిన రోజుకన్నా నాలుగు రోజులు పోయాక ముక్కు పగులుతుంది. ఆపరేషన్ చేయించని మగపిల్లిలో ఈ సరుకు మరీ ఎక్కువ.

మనకు వాసన పోయిందనిపించిన చోట పిల్లికి మాత్రం ఇంకా బోర్డు కట్టినట్టే ఉంటుంది: ఇది నా స్థలం. మళ్లీ అక్కడికే వస్తుంది. కాబట్టి మరక పోయిందా లేదా అని తీర్పు చెప్పాల్సింది దాని ముక్కే. ఈ ఒక్క మాట ఒప్పుకుంటే మనం అలవాటుగా చేసే పనుల్లో సగం దండగని తెలిసిపోతుంది. అగరుబత్తి, సెంటు, గులాబీ వాసన స్ప్రే, అన్నీ మన ముక్కును బుజ్జగించేవే. అమోనియా కలిసిన క్లీనర్లయితే మరీ ఘోరం, పిల్లికి తన వాసనే మళ్లీ గుర్తుచేస్తాయి.

మా వీధిలో బట్టలుతికే పెద్దమ్మ ఒకామె ఉండేది. తడి మరక కనిపించగానే బ్రష్షు అందుకునే వాళ్లను చూసి ఒకటే మాట అనేది: “రుద్దకు బిడ్డా, అద్దు. రుద్దితె లోపలికి దిగుతది.” పాత నూలు ధోతిని నాలుగు మడతలు వేసి మరక మీద పరిచి, దాని మీద మడమ ఆనించి నిలబడేది. తడిసిన మడత తిప్పి పొడి మడత వేసేది. గుడ్డ పొడిగా లేచేదాకా అదే పని. తర్వాత మరక కన్నా కాస్త వెడల్పుగా చన్నీళ్లు పోసి మళ్లీ అద్దేది. ఆ వెడల్పులోనే ఉంది కిటుకు. పైన అరచేయంత కనిపించేది కింద పళ్లెమంత పాకి ఉంటుంది. వేడినీళ్లు పోయనిచ్చేది కాదు.

ఏ గుడ్డ అన్నదాన్ని బట్టి తక్కిన పని. వరంగల్ కొత్తవాడ జంపఖానా మన ఇళ్లలో మామూలు వస్తువు. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నూలు కాబట్టి దెబ్బలకు తట్టుకుంటుంది, బకెట్ల కొద్దీ నీళ్లు పోసి, పిండి, గోడ మీద ఆరేయొచ్చు. రంగు దిగుతుందేమో మాత్రం మూల మీద తడి తెల్లగుడ్డ ఒత్తి చూసుకోవాలి. గొంగడి సంగతి వేరు. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది. కుక్కపిల్ల పోసిన గొంగడిని తడిమి చూసి ఏమీ లేదనుకుంటాం. పైగా దానికి చింతగింజల గంజి పెట్టి ఉంటారు. సోడా వేసి బాదితే గంజీ పోతుంది, ఉన్నీ ముద్దకడుతుంది. చన్నీళ్లు, అద్దుడు, నీడన ఆరబెట్టుడు, అంతే. (నిలవ ఉంచిన మూత్రంతోనే రోమ్‌లో బట్టలు ఉతికేవాళ్లట, వెస్పాసియన్ చక్రవర్తి దానిమీద పన్ను కూడా వేశాడు. మనవాళ్లకు చవుడు ఉండబట్టి ఆ గతి పట్టలేదు.)

నాకు అన్నిటికన్నా నచ్చేది ఆదిలాబాద్ పరుపు. పత్తి పండే జిల్లా, చలికాలం ఒణికించే జిల్లా, పరుపు, బొంత లేని ఇల్లు ఉండదు. పిల్లి పరుపు మీద పోస్తే దూదేకులాయనను పిలిచేవాళ్లు. కుట్లు విప్పి, పాడైన దూది తీసి పారేసి, మిగతాది ఎండలో పరిచి, ఏకి, ఉతికిన గలేబులో మళ్లీ నింపి కుట్టేవాడు. పాతబొంతయితే కుట్టు విప్పితే చీరలకు చీరలే, ఉతికి మళ్లీ కుట్టుకోవడమే. ఏది పాడైతే అది విప్పి బాగుచేసుకునేలా చేసిన వస్తువులవి. ఇవాళ్టి సోఫా లోపల ఫోము, పైన అతికించిన గుడ్డ. విప్పేందుకు దారి లేదు, ఎండకు మోసుకుపోయే దారి అంతకన్నా లేదు.

అక్కడ ఎంజైమ్ ద్రవాలే దిక్కు. పెంపుడు జంతువుల సామాన్ల దుకాణాల్లో దొరుకుతున్నాయి. వాసన పుట్టించే పదార్థాలను విరగ్గొట్టడం వీటి పని, దానికి గంటల కొద్దీ తడి ఉండాలి. మన దగ్గర తిరకాసు ఇక్కడే. 45 డిగ్రీల ఎండలో, పైన ఫ్యాను గిర్రున తిరుగుతుంటే, చల్లిన ద్రవం పని మొదలుపెట్టకముందే ఎండిపోతుంది. మూత్రం ఎంత లోతుకు దిగిందో ద్రవమూ అంత లోతుకు దిగేలా పోసి, తడిగుడ్డ కప్పి, దాని మీద ప్లాస్టిక్ షీటు వేసి రాత్రంతా వదిలేయాలి. ముందుగానే బ్లీచింగో ఫినాయిలో పోసి ఉంటే ఎంజైములు చచ్చిపోతాయి, డబ్బులూ పోతాయి.

బ్లీచింగ్ మాట వచ్చింది కాబట్టి: మూత్రం మీద అది పోస్తే అమోనియాతో కలిసి క్లోరమిన్ వాయువులు లేస్తాయి, ఊపిరి ఆడదు. వెనిగర్‌తో కలిపితే క్లోరినే. నల్ల ఫినాయిల్ పిల్లులకు విషం, దాన్ని విరిచేసే శక్తి వాటి కాలేయానికి తక్కువ. తెల్లటి నూలు గుడ్డకైతే హైడ్రోజన్ పెరాక్సైడ్ పనికొస్తుంది. మందుల షాపు సీసా మీద 20 వాల్యూమ్స్ అని ఉంటే అది 6 శాతం, సగానికి సగం నీళ్లు కలపాలి. రంగు గుడ్డలకు దూరంగా ఉంచండి.

మరక ఎక్కడుందో తెలియకపోతే దొంగనోట్లు చూసే అతినీలలోహిత టార్చి చాలు. చీకట్లో వేస్తే మూత్రం పచ్చగా మెరుస్తుంది. తెల్లగా చేసే పొడులతో ఉతికిన బట్టలూ నీలంగా మెరుస్తాయి, వాటిని చూసి కంగారు పడొద్దు.

బుద్ధిగా మట్టిలోకి వెళ్లే పిల్లి ఉన్నట్టుండి సోఫా ఎక్కి పోస్తోందంటే అది పొగరనుకోకండి. మూత్రంలో మంట ఉండొచ్చు. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్కే రాకపోతే ఆ పూటే పశువైద్యుడికి చూపించాలి, దారి మూసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. పాత కరీంనగర్ జిల్లాలోని కోరుట్లలో పశువైద్య కళాశాలే ఉంది.

ఈమధ్య సోఫా గుడ్డ మార్పించడానికి ఒక పనివాడిని పిలిస్తే, లోపలికి వస్తూనే ముక్కు ఎగబీల్చి, “పిల్లి ఉన్నదా అమ్మా?” అని అడిగాడు. కొలతలు తీసుకుంటూనే లెక్క చెప్పాడు. అన్ని దిండ్లకూ జిప్పు కవర్లు, ఫోముకూ గుడ్డకూ నడుమ పలుచటి రెగ్జిన్, ఒక జత కవర్లు అదనం. ధర కొంచెం ఎక్కువే. ఒప్పుకున్నాను. గుడ్డ రంగు మాత్రం నన్ను ఎంచుకోనివ్వలేదు.