ముందు కన్ను, తర్వాత కత్తి

జూలో పెద్దపులి చనిపోతే పోస్టుమార్టం చేస్తారు, పంచనామా రాస్తారు, అధికారుల ఎదుటే దహనం చేస్తారు. గోళ్లు, కోరలు, తోలు, మీసాలు ఏవీ దొంగ వ్యాపారుల చేతిలో పడకూడదని ఈ జాగ్రత్త. ఆ భయం సబబైనదే. అయినా ఏళ్ల తరబడి పిల్లలు కమ్మీల దగ్గర నిలబడి కళ్లార్పకుండా చూసిన జంతువు ఒక్క పూటలో బూడిదైపోతుందంటే నా మనసు కలుక్కుమంటుంది. ఆ రూపాన్ని నిలబెట్టే విద్య ఒకటి ఉంది. అదే టాక్సిడెర్మీ. మన దేశంలో అది బాగా వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

తిరుపతిలో వెటర్నరీ చదువుతున్న మా అన్నయ్య కూతురు ఈమధ్య ఫోన్ చేసి, "బాబాయ్, నాకు టాక్సిడెర్మీ నేర్చుకోవాలనుంది. ఎవరి దగ్గర చేరాలి? దీంతో బతకొచ్చా?" అని అడిగింది. ఈ వారం రాస్తున్నది ఆ అమ్మాయికి జవాబు. ఇదే ప్రశ్న మనసులో పెట్టుకుని ఎవరిని అడగాలో తెలియని పిల్లలు ఇంకా ఉంటారు, వాళ్లకు కూడా.

కత్తి పట్టకముందే చట్టం తెలుసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఈ వృత్తి చేయకూడదు. అడవి జంతువు ప్రాణం పోయాక కూడా ప్రభుత్వ ఆస్తే. బండి తగిలి రోడ్డు మీద పడిపోయిన గుడ్లగూబను పాపమని ఇంటికి తెచ్చి దాచుకున్నా కేసవుతుంది. ఇంత కట్టడి ఎందుకో తెలియాలంటే మైసూరు వైపు చూడాలి. అక్కడ వాన్ ఇంజెన్ కుటుంబం నడిపిన కార్ఖానా 20వ శతాబ్దం తొలినాళ్లలో మొదలై 1999లో మూతపడింది. మహారాజులు, దొరలు వేటాడి పంపిన పులులు, చిరుతలు కలిపి 43,000కు పైగా ఆ ఒక్క కార్ఖానా గుండా వెళ్లాయి. వాళ్లు చేసిన పులి ముఖం చూస్తే ఇప్పటికీ అడుగు వెనక్కి పడుతుంది. అంతటి పనితనమూ వేటగాళ్ల గోడలకు అలంకారమైంది. వేట ఆగడం న్యాయం. వేటతో పాటు విద్య కూడా ఆగిపోవడం నష్టం.

అయితే ఈ విద్యకు వేట అక్కర్లేదని ముంబైలో ఒకాయన చేసి చూపించారు. బొంబాయి వెటర్నరీ కాలేజీలో అనాటమీ చెప్పే డాక్టర్ సంతోష్ గైక్వాడ్ 2003లో నగరంలోని మ్యూజియంకు వెళ్లి, అక్కడి జంతువులను చూసి ఇది నేర్చుకోవాలనుకున్నారు. నేర్పేవాళ్లు దొరకలేదు. సొంతంగా సాధన చేశారు. 2009లో బోరివలీలోని సంజయ్ గాంధీ నేషనల్ పార్కులో వన్యప్రాణుల టాక్సిడెర్మీ కేంద్రం మొదలైంది. జూలలో, అడవిలో సహజంగా చనిపోయిన జంతువులను ప్రభుత్వ అనుమతితో అక్కడ నిలబెడుతున్నారు. ఆయన అనాటమీ నుంచి ఇటు రావడాన్ని నేను ముఖ్యంగా గమనిస్తాను. ఏ ఎముక మీద ఏ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసినవాడికి సగం పని అప్పటికే వచ్చినట్టు. కాబట్టి మా అమ్మాయి చేరాల్సిన మొదటి బడిలో తను ఇప్పటికే ఉంది.

నేను దీన్ని వృత్తిగా చేయలేదు. ఇష్టంతో కాస్త నేర్చుకున్నాను. కాలేజీ రోజుల్లో మా జువాలజీ ల్యాబులో ఓ పెద్దాయన ఉండేవారు. ఫారాల్లో పెంచే కౌజు పిట్టను నా ముందు పెట్టి, కత్తి ఇవ్వకుండా ముందు బొమ్మ గీయమన్నారు. రెక్క మడిచినప్పుడు ఏ ఈక మీదికి ఏ ఈక వస్తుందో, కంటికీ ముక్కుకూ మధ్య దూరమెంతో గీయించారు. ఆ తర్వాతే పొట్ట మీద సన్నటి గాటు పెట్టనిచ్చారు. తోలు తిరగేసి చూసినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. ఈకలు ఒళ్లంతా మొలవవు. కొన్ని చాళ్లలోనే మొలుస్తాయి, మధ్యలో తోలు బోడిగా ఉంటుంది. ఆ చాళ్లలోని ఈకలే వాలి మిగతా చోటును కప్పుతాయి. లోపల పెట్టే ఒళ్లు కాస్త లావైతే చాళ్లు విడిపోయి బోడి తోలు బయటపడుతుంది. బక్కదైతే ఈకలు ముడతల్లో చిక్కుకుని పిట్ట జబ్బు చేసినట్టు కనిపిస్తుంది. దర్జీ ఒంటికి తగ్గ బట్ట కుడతాడు. ఇక్కడ బట్టకు తగ్గ ఒళ్లు తయారు చేయాలి.

ఒకప్పుడు తోలును సంచిలా కుట్టి గడ్డి కూరేవాళ్లు. ఆ పద్ధతిని వదిలించినవాళ్లలో అమెరికాకు చెందిన కార్ల్ ఏక్‌లీ ముఖ్యుడు. 1883లో రోచెస్టర్‌లోని వార్డ్ సంస్థలో పనిలో చేరిన కుర్రవాడు, తర్వాతి కాలంలో బంకమట్టితో జంతువు కండరాలన్నీ మలిచి, దాని నుంచి తేలికైన బోలు అచ్చు తీసి, తోలును దాని మీద తొడిగే పద్ధతిని పైస్థాయికి తీసుకెళ్లాడు. ఇప్పుడు చాలాచోట్ల ఫోమ్ అచ్చులు వాడుతున్నారు కానీ క్రమం అదే. కళేబరం చల్లగా ఉండగానే కొలతలు తీసుకోవాలి. తోలు ఒలిచి, లోపలి మాంసం, కొవ్వు గీకేసి, ఉప్పు పట్టించి, ఊరబెట్టి, పదును చేయాలి. అచ్చుకు గాజు కళ్లు అమర్చి, మట్టితో కనుబొమ్మలూ చెంపలూ దిద్ది, తోలు తొడిగి కుట్టాలి. రెప్పల అంచులు, పెదవులు లోపలికి మడిచి, ఆరేటప్పుడు తోలు లాక్కుపోకుండా గుండుసూదులతో పట్టి ఉంచాలి. వారాల తరబడి ఆరాక ముక్కు మీద, రెప్పల చుట్టూ పోయిన రంగు మళ్లీ వేయాలి. చేపకైతే రంగులన్నీ పోతాయి కాబట్టి ఒళ్లంతా చిత్రకారుడి పనే.

వీటిలో చేతిపని సాధనతో వస్తుంది. చూపు అలా రాదు. చూసేవాడు మొదట చూసేది కన్నును. గాజు కన్ను ఎంత ఖరీదైనదైనా, రెప్ప వాలు ఒక్క గింజంత తప్పితే పులి బొమ్మైపోతుంది. చెవులు ఏ వైపు తిరిగితే తోక ఎలా ఉంటుందో, బరువు ఏ కాలి మీద ఉంటే భుజం ఎలా ఉబ్బుతుందో బతికున్న జంతువు దగ్గర కూర్చుని చూసినవాడికే తెలుస్తుంది. అందుకే మా అమ్మాయికి కత్తుల సెట్టు కొనమని చెప్పలేదు. వారానికో రోజు ఎస్వీ జూ పార్కుకు వెళ్లి బొమ్మలు గీయమన్నాను.

ఈ విద్య పుస్తకంలోంచి కాక మనిషి నుంచి మనిషికి వచ్చింది. 1826లో ఎడిన్‌బరోలో వైద్యం చదవలేక సతమతమవుతున్న చార్లెస్ డార్విన్ పక్షులను నిలబెట్టడం నేర్చుకున్నాడు. రోజుకో గంట, రెండు నెలలు, ఫీజు ఒక గినీ. నేర్పినవాడు జాన్ ఎడ్మన్‌స్టన్. దక్షిణ అమెరికాలోని గయానాలో బానిసగా పుట్టి, అక్కడే చార్లెస్ వాటర్టన్ దగ్గర ఈ పని నేర్చి, స్కాట్లాండ్ వచ్చి స్వేచ్ఛ పొందినవాడు. బీగిల్ ఓడ ప్రయాణంలో డార్విన్ తెచ్చిన పక్షుల వెనక ఆ గురువు చేయి ఉంది. అదే ప్రయాణం మరో పాఠం కూడా చెబుతుంది. గాలాపగోస్‌లో ఏ పిట్ట ఏ దీవిలో దొరికిందో డార్విన్ సరిగా రాసుకోలేదు. తర్వాత ఓడలోని మిగతావాళ్లు రాసి పెట్టుకున్న చీటీల మీద ఆధారపడాల్సి వచ్చింది. ఊరు, తేదీ, ఎలా దొరికింది అనే మూడు ముక్కలు కాలికి కట్టకపోతే ఎంత అందంగా చేసిన పక్షైనా శాస్త్రానికి పెద్దగా పనికిరాదు.

చీటీ ఉంటే మాత్రం ఆ తోలు మనం ఊహించని ప్రశ్నలకు జవాబిస్తుంది. అమెరికా మ్యూజియంలలోని 1,300కు పైగా పక్షుల ఈకలకు పట్టిన మసిని చికాగోలో ఇద్దరు పరిశోధకులు కొలిచి 2017లో ప్రచురించారు. 135 ఏళ్లలో గాలిలో బొగ్గు పొగ ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో ఆ ఈకలు చెప్పాయి. వాటిని దాచినవాళ్లకు ఈ సంగతి తోచి కూడా ఉండదు. మన దగ్గర కలివి కోడి సంగతి కూడా తలుచుకోవాలి. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్లీ 1986లో కడప జిల్లాలో దొరికేదాకా ఆ పక్షి ఎలా ఉంటుందో ప్రపంచానికి గుర్తు చేసినవి పాత వర్ణనలు, మ్యూజియంలలో మిగిలిన కొద్దిపాటి నమూనాలే.

ఇక బతుకుతెరువు మాట. అమెరికాలో ఈ వృత్తికి చాలావరకు వేటగాళ్లే ఖాతాదారులు. మన దగ్గర ఆ దారి లేదు, ఉండకూడదు. మ్యూజియంలు, వెటర్నరీ కాలేజీలు, జూలు, అటవీ శాఖ ప్రదర్శనశాలలే పని ఇవ్వాలి. ఉద్యోగాలు కొద్దే. చనిపోయిన పెంపుడు కుక్కను నిలబెట్టమని అడిగేవాళ్లు కూడా ఉంటారు. అన్నిటికన్నా కష్టమైన పని అదే. పులి ముఖంలో చిన్న తేడాను సందర్శకుడు పట్టుకోలేకపోవచ్చు. తన కుక్క ముఖంలో వెంట్రుకవాసి తేడాను ఇంటివాళ్లు పట్టేస్తారు. కాబట్టి ఈ పనిని పశువైద్యంతోనో మ్యూజియం చదువుతోనో జతచేసి నేర్చుకోవడం మంచిది. ఒక్క దీని మీదే ఇల్లు గడపాలనుకుంటే తొలి ఏళ్లు చాలా కష్టం.

2016 ఏప్రిల్‌లో ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. దశాబ్దాల నమూనాలు ఒక్క రాత్రిలో పోయాయి. అలాంటి సేకరణను మళ్లీ నిలబెట్టాలంటే డబ్బు ఒక్కటే సరిపోదు, పని వచ్చిన చేతులు కావాలి. మన రెండు రాష్ట్రాల్లో హైదరాబాద్ నెహ్రూ జూ, విశాఖ ఇందిరాగాంధీ జూ, తిరుపతి ఎస్వీ జూ ఉన్నాయి. తిరుపతిలో, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. జూలో సహజంగా చనిపోయిన జంతువు, అనాటమీ తెలిసిన అధ్యాపకులు, నేర్చుకోవాలని తహతహలాడే విద్యార్థులు, అన్నీ ఒకే ఊళ్లో ఉన్నా ఇవి ఒక గదిలో కలవడానికి ఏర్పాటు కావాలి. ఒక్కో విశ్వవిద్యాలయంలో ఓ చిన్న టాక్సిడెర్మీ విభాగం, పెద్ద ఫ్రీజర్, అటవీ శాఖతో ఒప్పందం, ప్రతి తోలుకూ గోరుకూ లెక్క రాసే రిజిస్టరు ఉంటే చాలు. స్మగ్లింగ్ భయానికి ఆ రిజిస్టరే సమాధానం. ముంబైలో సాధ్యమైనది తిరుపతిలో ఎందుకు సాధ్యం కాదు?

అమ్మా, ఈ సెలవుల్లో ఫారం కౌజులతో మొదలుపెట్టు. బొమ్మలు గీయడం మానకు. అనాటమీ మార్కుల కోసం చదవకు. నువ్వు చదువు పూర్తిచేసే నాటికి మీ కాలేజీలో ఆ గది ఉండాలని మీ ప్రొఫెసర్లను ఇప్పటి నుంచే అడుగు. ఉత్తరం రాస్తే నా సంతకమూ పెడతాను.